కంప్యూటర్ నమ్మిన కలం

సొరంగం క్యాంపు, అరుణాచల్ ప్రదేశ్
జూన్

సింధు గారికి నమస్తే.

నేను సుప్రియ అన్న మధును. మీరూ మా చెల్లె చైతన్యపురి హాస్టల్ ఖాళీ చేసిన రోజు ఆటోలో సామాను ఎక్కించింది నేనే. మీ పుస్తకాల పెట్టె నా కాలి మీద పడింది, గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు కొండల్లో రోడ్డు సొరంగం తవ్వే చోట సర్వే ఇంజనీరుగా ఉన్నాను. ఇక్కడ ఫోను అందదు. సరుకుల లారీ కింద టౌనుకు వెళ్లినప్పుడే ఉత్తరాలు వెళ్తాయి, వస్తాయి.

అమ్మ ఉత్తరం నిన్న అందింది. సుప్రియ రెండు చేతులకూ పట్టు పోయిందట. నరాల జబ్బట. చలికాలంలోనే మొదలైందట. అన్నం కూడా అమ్మే కలిపి తినిపిస్తున్నదట. ఇన్ని నెలలు నాకు ఒక్కరూ చెప్పలేదు. "అన్న పరేషాన్ అయితడు" అని సుప్రియే అందరి నోళ్లూ మూయించిందట.

తుర్కయంజాల్ చీరల కంపెనీలో ఇక్కత్ డిజైన్లు గీయడమే దాని పని. ఇప్పుడు సెలవులో ఉందట. గీసే చెయ్యి లేకపోయాక ఇంకేం గీస్తుంది? నేను ఉద్యోగం వదిలి వచ్చేస్తాను. వాళ్లిద్దరినీ ఎల్బీనగర్ కిరాయి ఇంటి నుంచి పోచంపల్లిలో మా ఇంటికి తీసుకుపోతాను. నాన్న పోయాక ఇంటికి పెద్దవాణ్ని నేనే.

మీరు ఒక్క సాయం చేయాలి. కంపెనీ వాళ్లు తీసేయకముందే తనంతట తాను మానుకుంటే మర్యాదగా ఉంటుందని సుప్రియకు నచ్చచెప్పండి. అది నా మాట వినదు, మీ మాట వింటుంది. నేను రాసినట్టు మాత్రం చెప్పొద్దు.

మధు

దిల్‌సుఖ్‌నగర్
జూన్ చివర

మధు గారికి నమస్కారం.

పెట్టె సంగతి గుర్తుంది. కుంటుతూనే "ఏం కాలే, ఏం కాలే" అన్నారు. నొప్పిని దాచుకోవడంలో మీ అన్నాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే పద్ధతి.

మీరు చెప్పమన్న మాట చెబుదామనే ఆదివారం ఎల్బీనగర్ వెళ్లాను. చెప్పలేకపోయాను. ఎందుకో వినండి.

నేను వెళ్లేసరికి సుప్రియ వరండాలో స్టూలు మీద కూర్చుని ఉంది. కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య సుద్దముక్క ఇరికించుకుని నేల మీద ఏదో గీస్తోంది. దగ్గరికెళ్లి చూస్తే వజ్రాల వరస. ఒకదాని కొస ఇంకోదానికి తగిలీ తగలనట్టు ఉంది. మీ అమ్మ లలితమ్మ గారు గుమ్మంలో నిలబడి నాతో మొరపెట్టుకున్నారు.

"చూడు బిడ్డా, కాళ్లతోని ముగ్గేస్తున్నది. లక్ష్మికి కాలు తగులుతదంటే ఇనదు."

సుప్రియ తల ఎత్తకుండానే అంది: "మగ్గం నేసేటప్పుడు కింద పలకలు కాళ్లతోనే తొక్కుతం కదనే. అప్పుడు లేని పాపం ఇప్పుడెక్కడికెళ్లి వచ్చె?"

లలితమ్మ గారు నవ్వాపుకోలేక లోపలికి వెళ్లిపోయారు. సుద్దముక్క జారి పడింది. సుప్రియ మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. మూడోసారి పట్టుకుని వజ్రం పూర్తి చేసింది. అలాంటి మనిషితో మానుకోమని ఎలా అనను?

కాలితో కలం ఎక్కువసేపు పట్టుకోలేదు, పిక్కలు పట్టేస్తాయి. వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేరేమో బల్ల మీద పెట్టుకుని కలంతో గీసే పెన్ టాబ్లెట్ ఉంటేనే గీయనిస్తుంది. మౌస్‌తో అయితే అడుగు కూడా కదలదు. అక్కడే నాకొక ఆలోచన వచ్చింది.

నా ఉద్యోగం ఏమిటో మీకు తెలియదనుకుంటాను. కంప్యూటర్‌కు ఏది తగిలించినా అది ఏమిటో, ఎలా మాట్లాడుతుందో కంప్యూటర్‌కు తెలియాలి కదా. ఆ మాట కలిపే ప్రోగ్రాములు రాస్తాను. ఇన్నాళ్లూ నిజంగా ఉన్న పరికరాలకే రాశాను. లేని పరికరానికి కూడా రాయవచ్చు. నా ప్రోగ్రామే లేచి నిలబడి, "నేనొక పెన్ టాబ్లెట్‌ని, ఇంత వెడల్పు, ఇంత పొడుగు, గట్టిగా నొక్కితే గీత లావవుతుంది" అని చెప్పుకుంటే కంప్యూటర్ నమ్ముతుంది. ఆ తర్వాత సుప్రియ పాదం కదలికలన్నీ కలం కదలికలుగా దానికి అందిస్తాను. డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క అక్షరం మార్చక్కర్లేదు. దానికి కలం కనిపిస్తే చాలు.

కొంచెం ఆగండి. ఈలోగా ఉద్యోగం మాత్రం వదలకండి.

సింధు

సొరంగం క్యాంపు
జూలై

సింధు గారికి,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ మనసు మంచిది, కాదనను. కానీ లేని కలాన్ని చూపించి యంత్రాన్ని నమ్మించడమంటే నాకు దొంగ సర్టిఫికెట్ లాగా వినిపిస్తోంది. రేపు కంపెనీ వాళ్లు పట్టుకుని "ఇదేందమ్మా" అంటే తలెత్తుకోలేనిది మీరు కాదు, సుప్రియ.

ఇంకో మాట. దవాఖానలో ఆశ చూపించారు, పోయింది. ఎవరో నూనె మర్దన అన్నారు, అదీ అయిపోయింది. మళ్లీ ఒక ఆశ పెట్టి అదీ కూలితే దాన్ని లేపేదెవరు?

కోపగించుకోకండి. దూరంలో ఉన్నవాడికి మనసులో మంచి బొమ్మలు రావు.

మధు

దిల్‌సుఖ్‌నగర్
ఆగస్టు

మధు గారికి,

మీరు భయపడ్డదే జరిగింది. ముందే చెప్పేస్తున్నాను.

మా తమ్ముడు రవితేజ కంప్యూటర్‌లో కారు రేసులాడే పెడళ్లు అటకెక్కి ఉంటే దింపాను. ఎంత లోతుగా తొక్కామో వాటికి తెలుస్తుంది. అది సుప్రియ కుడిపాదానికి. ఎడమపాదం కింద నాలుగు వైపులకూ వంగే ఒక పలక. కలం ఎటు వెళ్లాలో పలక చెబుతుంది, ఎంత గట్టిగా ఆనాలో పెడల్ చెబుతుంది. అంతా సిద్ధం చేసి, లేని కలాన్ని మాత్రం నేను తొందరలో తప్పు చోట పెట్టాను. కంప్యూటర్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ నడిమధ్యలో కర్నల్ అని ఒక భాగం ఉంటుంది. మిగతావన్నీ దాని మీదే నిలబడతాయి. నాకు అలవాటైన చోటని నేరుగా అందులోకే ఎక్కించాను.

సుప్రియ తన పాత డిజైన్ ఒకటి తెరిపించుకుని, ఎడమపాదం వంచింది. తెర మీద బాణం గుర్తు కదిలింది. లలితమ్మ గారు "అగో!" అన్నారు. సుప్రియ పెడల్ తొక్కింది. అంతే, తెర బిగుసుకుపోయింది. ఏం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వెలిగించేసరికి, చేతులు బాగున్న రోజుల్లో తను గీసిన చివరి డిజైన్ పాడైపోయింది. దానికి ఇంకో నకలు లేదు.

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు. తెర వంకే చూస్తూ, "గది నేను చేతులతోని గీసింది. పోతే పోయింది. ఇప్పుడు కాళ్లతోని గీసేది పోకుండ చెయ్యి నువ్వు" అంది. ఇంతేనండీ అన్న మాట. ఆ రాత్రంతా నాకు చెవుల్లో అదే మోగింది.

మర్నాడు ఇద్దరం తుర్కయంజాల్ వెళ్లాం. మీరు దొంగ సర్టిఫికెట్ అన్నారు కదా, అందుకే దాచకుండా మొత్తం చెప్పేశాం. వాళ్ల కంప్యూటర్లన్నీ చూసుకునేది రాఘవేంద్ర గారని, కోపిష్టిగా కనిపించే నిదానస్తుడు. అంతా విని, "మీ కలం మీద నాకు అభ్యంతరం లేదమ్మా. కానీ కర్నల్‌లోకి బయటివాళ్లు రాసింది ఏదీ ఎక్కించనివ్వను. నిన్న మీ ఇంట్లో ఒక్క మెషీన్ ఆగింది. ఇక్కడ ఆగితే మగ్గాలకు వెళ్లే డిజైన్లన్నీ ఆగిపోతాయి" అన్నారు. ఆయన చెప్పింది నిజం.

అయితే ఇంకో దారి ఉంది. మీ పనితోనే చెబుతాను. సొరంగం కొసన నిలబడి పని చేస్తుంటే చిన్న పొరపాటుకు కొండ మొత్తం మీద పడుతుంది. అదే పని బయట షెడ్డులో చేస్తే, పడితే షెడ్డే పడుతుంది. కంప్యూటర్‌లో ఆ బయటి చోటును యూజర్‌స్పేస్ అంటారు. మామూలు ప్రోగ్రాములన్నీ ఉండేది అక్కడే. అక్కడ ఉండి కూడా పరికరంలా నటించడానికి లినక్స్ అనే మా ఆపరేటింగ్ సిస్టమ్ ఒక తలుపు పెట్టింది. దాన్ని ఎవరు రాశారో నాకు తెలియదు కానీ, ఈ నెలంతా వాళ్లకు మనసులోనే దండం పెట్టుకుంటున్నాను. పరికరాలను సృష్టించే శక్తిని గర్భగుడిలో దాచుకోకుండా వాకిట్లో పెట్టారు. రాఘవేంద్ర గారు ఆ తలుపు వరకు ఒప్పుకున్నారు. రాసిన ప్రతి వాక్యం తనకు చూపించాలన్నారు. ఆఫీసులో అందరి ముందు సుప్రియ ఒక డిజైన్ గీసి చూపిస్తే ఉద్యోగం అలాగే ఉంటుందని కంపెనీ నడిపే మేడం చెప్పారు.

మళ్లీ మొదటినుంచి రాస్తున్నాను.

సింధు

సొరంగం క్యాంపు
సెప్టెంబర్

చెల్లె సింధుకు,

గారు తీసేశాను, ఏమనుకోవద్దు. నా చెల్లె ముందు ఏడ్చినదానివి నువ్వూ చెల్లెవే.

షెడ్డు సంగతి నాకు బాగా అర్థమైంది. పోయిన వానల్లో మా సొరంగం పక్కన సామాను దాచే గుహ కూలింది. అసలు సొరంగంలో ఉన్నవాళ్లకు చప్పుడు వినిపించింది, అంతే. అందరూ నడుచుకుంటూ బయటికొచ్చారు. ఆ గుహను అసలుదానికి దూరంగా తవ్వమని గీత గీసిన ముసలి ఇంజనీరుకు ఆ రోజు అందరం చేతులు జోడించాం. ఏది ఎక్కడ కూలవచ్చో ముందే ఆలోచించి కట్టేవాళ్లంటే నాకు గౌరవం. నిన్ను కూడా ఆ లెక్కలోనే పెడుతున్నాను.

కానీ నా పని నేను చేసేశాను. ఉద్యోగం వదులుతున్నానని మా పెద్ద ఇంజనీరుకు చెప్పాను. నా బదులు మనిషి దొరికే వరకు ఉండమన్నాడు. సుప్రియకు ఇప్పుడే చెప్పకు.

ఎట్లున్నది అది? నిజం రాయి.

మధు

దిల్‌సుఖ్‌నగర్
అక్టోబర్ మొదట్లో

మధు అన్నయ్యకు,

నిజం రాయమన్నావు. ముందు మంచి కబురు.

యూజర్‌స్పేస్‌లో కొత్త కలం లేచింది. కంప్యూటర్‌కు తగిలించిన పరికరాల వరసలో దాని పేరు కూడా కనిపిస్తోంది. డిజైన్ సాఫ్ట్‌వేర్ మాత్రం పలకలేదు. కదలికలు పంపుతున్నాను, నొక్కుడు పంపుతున్నాను, తెర మీద చుక్క కూడా పడదు. వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. శనివారం ఇద్దరం అదే పనిగా చూస్తున్నాం. సుప్రియ అడిగింది:

"నీ కలం మొదలే కాగితం మీదికి ఎట్ల వస్తున్నది?"

"నువ్వు పెడల్ తొక్కగానే ఆనుతుంది."

"అంతకుముందు యాడుంటది?"

"ఎక్కడా ఉండదు."

"మరి అదే గదా. కలం ఆకాశంలకెళ్లి ఊడిపడదు సింధూ. ముందుగాల కాగితం పైన తిరుగుతది. యాడ పెట్టాల్నో చూసుకుంటది. అప్పుడు ఆనుతది. నేను చేత్తో గీసినప్పుడు గాలిలనే సగం గీత గీసుకుంటుంటి."

వెంటనే మార్చాను. కలం దగ్గరికొచ్చిందని ముందు చెప్పి, ఆ తర్వాతే ఆనిందని చెప్పాను. సాఫ్ట్‌వేర్ అప్పటిదాకా తెలియనివాళ్లను చూసినట్టు చూసి, ఇప్పుడు చుట్టాన్ని చూసినట్టు తలుపు తీసింది. తెర మీద నల్లటి గీత, సన్నగా మొదలై, పాదం దిగేకొద్దీ లావవుతూ సాగింది. గీత చివర సుప్రియ పెడల్ మీంచి పాదాన్ని ఎంత మెల్లగా ఎత్తిందంటే, ఆ గీత వెంట్రుకలా ముగిసింది. అన్నయ్యా, పరికరాలతో నాకు ఇన్నేళ్ల పరిచయం. ఒక పరికరం మనిషి ఒంట్లో కలిసిపోవడం మాత్రం అప్పుడే చూశాను.

ఇప్పుడు రెండో సంగతి. ఇది జూన్ నుంచీ దాచాను. తనే చెప్పవద్దని ఒట్టు పెట్టించుకుంది. నిన్న తనే "ఇగ రాసెయ్" అంది.

ఎడమకాలి వేళ్లకు అప్పుడే తిమ్మిరి మొదలైంది. జబ్బు కాళ్లకు దిగదని డాక్టర్లు చెప్పలేరట. దిగవచ్చు, ఆగిపోనూవచ్చు. ఈ పెడళ్లు తెచ్చిన మొదటి రోజే సుప్రియ నన్ను అడిగింది: "రేపు కాళ్లు కూడ పోతే ఏం జేస్తవ్?" జవాబు కూడా తనే చెప్పింది: "నీ ప్రోగ్రాంను రెండు ముక్కలు చెయ్యి. ఒక ముక్క వినేది, ఒక ముక్క కలమయ్యేది. ఇయ్యాల పాదం మాట ఇంటది. రేపు మూతి కింద గదవ మాట ఇంటది, ఎల్లుండి కనురెప్ప మాట ఇంటది. కలం మాత్రం మారొద్దు. కంపెనీకి నా కలమే కనవడాలె."

అలాగే చేశాను. ప్రోగ్రాంలు రాసేవాళ్లు పేజీలకు పేజీలు చర్చించుకునే సూత్రాన్ని ఆమె తన ఒంటి మీదికి వస్తున్నదాన్ని చూస్తూ ఒక్క మాటలో చెప్పింది. నేను మీ చెల్లెలికి సాయం చేస్తున్నానని మీ అమ్మగారు అందరితో అంటున్నారు. ఎవరు ఎవరికి నేర్పుతున్నారో నాకు మాత్రం తెలుసు.

నువ్వు ఉద్యోగం వదులుతున్న సంగతి చెప్పలేదు. నీ మాట కూడా నిలబెట్టాను చూడు. ఈ ఇంట్లో అందరి రహస్యాలకూ నేనే గోదాం అయ్యాను.

సింధు

సొరంగం క్యాంపు
అక్టోబర్

సింధూ,

చదివాను. లారీ బయల్దేరుతోంది. పరీక్ష ఎట్లా అయిందో రాయి. సెలవు దొరికిన వెంటనే వస్తున్నాను.

మధు

ఎల్బీనగర్
నవంబర్

అన్నయ్యా,

ఈ ఉత్తరం మీ ఇంట్లోనే కూర్చుని రాస్తున్నాను. లలితమ్మ గారు పక్కన సర్వపిండి చేస్తున్నారు, కాగితానికి నూనె అంటితే తప్పు నాది కాదు.

పరీక్ష అయిపోయింది. తుర్కయంజాల్ ఆఫీసులో మేడం, రాఘవేంద్ర గారు, తోటి డిజైనర్లు అందరూ వెనక నిలబడ్డారు. అంతమంది చూస్తుంటే చెప్పులు విప్పడానికి మొదట సుప్రియ మొహమాటపడింది. పెద్దావిడ యాదలక్ష్మి గారని, ఆ ఆఫీసులో రంగులు కుదిర్చే ఆమె, ముందుకొచ్చి తనే వంగి చెప్పులు విప్పింది. "కానియ్ బిడ్డా" అంది.

సగం డిజైన్ అయ్యేసరికి నా ప్రోగ్రాం పడిపోయింది. అబద్ధం కాదు. పాదాల మాట వినే ముక్క, ఎందుకో, టక్కున ఆగిపోయింది. కానీ తెర బిగుసుకోలేదు. అప్పటిదాకా గీసింది అక్కడే ఉంది. వినేవాళ్లు లేరని తెలియగానే, నేను చెప్పి ఉంచినట్టే, కలం ముక్క కాగితం మీంచి లేచి గాలిలో నిలబడిపోయింది. నేను వినే ముక్కను మళ్లీ లేపాను. సుప్రియ ఆగిన చోటు నుంచే గీత అందుకుంది.

అయిపోయాక రాఘవేంద్ర గారు నాతో ఏమన్నారో తెలుసా? "అది పడకుండా పూర్తయి ఉంటే నాకు అనుమానం మిగిలేదమ్మా. పడ్డాక చూశాను కాబట్టి నమ్మకం కుదిరింది." మేడం మాత్రం ప్రోగ్రాం గురించి ఏమీ అడగలేదు. డిజైన్‌నే చాలాసేపు చూసి, "ఈ అంచు మగ్గం మీద పోగు జరిగితే చెదురుతుంది కదా?" అన్నారు. "చెదరాల్ననే గీసిన మేడం. చెదిరితేనే నీళ్ల మీద నీడ లెక్క ఉంటది" అంది సుప్రియ. ఇద్దరూ దాని మీద అరగంట వాదించుకున్నారు. చేతుల మాట, కాళ్ల మాట ఎవరికీ గుర్తు లేదు. ఉద్యోగం ఉంది అని ఎవరూ ప్రకటించలేదు కూడా. "సోమవారం నాటికి రెండో రంగు పంపించు" అన్నారు, అంతే.

నువ్వెప్పుడు వస్తున్నావు?

సింధు

సొరంగం క్యాంపు
డిసెంబర్

చెల్లె సింధుకు,

సెలవు ముగించుకుని క్షేమంగా క్యాంపు చేరాను. ఇక్కడ మంచు పడుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో నువ్వు కొనిచ్చిన మఫ్లర్ తీయడం లేదు.

నువ్వు ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేని మాటలు కొన్ని రాస్తున్నాను. ఇంటికి వచ్చిన మొదటి రోజు నేను సుప్రియ వెనక కుర్చీలో చప్పుడు చేయకుండా కూర్చున్నాను. అది పనిలో ఉంది. తెర మీద కలం తిరుగుతోంది, ఆనుతోంది, లేస్తోంది. నేను వంగి బల్ల కిందికి చూశాను. కలం లేదు. నాన్న మగ్గం దగ్గర చిన్నప్పుడు చూసిన పాదాలే ఉన్నాయి, ఒకటి వంగుతూ, ఒకటి దిగుతూ. అప్పుడు నాకు తెలిసింది. నువ్వు యంత్రాన్ని మోసం చేయలేదు. నా చెల్లె గీస్తుందన్న నిజాన్ని దానికి అర్థమయ్యే భాషలో చెప్పావు, అంతే. దొంగ సర్టిఫికెట్ అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఉద్యోగం వదులుతున్న సంగతి ఆ సాయంత్రం నేనే చెప్పాను. సుప్రియ కోపం నువ్వు చూడలేదు.

"ఎందుకు?" అంది.

"నీకు తోడు ఉందామని."

"తోడుంటవా, కాపల ఉంటవా?"

అమ్మ కలగజేసుకుంది. "వాడు నీ మంచికే అంటున్నడు బిడ్డా. రేపు కాళ్లకు గిట్ల ఏమన్నయితే..."

"అయితే అయితది. అందుకే గదా గీ తయారీ." అని నన్ను లేపి, దేవుడి పటం పక్కనున్న కెమెరా తెప్పించి తెర మీద పెట్టించింది. నువ్వు కొత్తగా రాస్తున్న, గదవ కదలికలు వినే ముక్క ఉంది కదా, దాన్ని నాతో మొదలుపెట్టించింది. కాళ్లు రెండూ కుర్చీ మీదికి ముడుచుకుంది. గడ్డం కొంచెం ఎత్తింది, పక్కకు తిప్పింది. తెర మీద గీత వంకరటింకరగా, వానపాము లెక్క పాకింది. అంత అందమైన గీతలు గీసే మనిషి అంత వికారమైన గీతను అంత ఓపికగా గీయడం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. తిమ్మిరి ఉన్నా కాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. అవి ఉండగానే, అవి లేని రోజు కోసం ఒకటో తరగతి పిల్లలాగా మళ్లీ అక్షరాభ్యాసం చేసుకుంటోంది. మా సొరంగంలో ఎంతోమంది ధైర్యవంతులను చూశాను సింధూ. కూలకముందే కూలే చోటును ఇట్లా నవ్వుతూ చూసేవాళ్లను చూడలేదు.

నవ్వుతూ అని ఊరికే రాయలేదు. ఆ గీతను చూసి పడీ పడీ నవ్వింది. "అన్నా, నీ సంతకం గిట్లనే ఉంటది చూడు" అంది. అమ్మ కూడా నవ్వింది. నేను ఏడుస్తున్నానని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ చూడనట్టే ఉన్నారు.

పెద్ద ఇంజనీరుతో ఉద్యోగం వదలడం లేదని చెప్పాను. ఆయన నా బదులు మనిషి కోసం వెతకనే లేదట.

సెలవు ఇంకో వారం పొడిగించుకుంటానని నేను బతిమాలితే ఏమందో విను. "కొత్త డిజైన్ మీద ఉన్న. నువ్వుంటే అమ్మ పొద్దంత నీకే వండుతది, నా రంగుల గురించి అడిగితే ఒక్క మాట చెప్పది. టికెట్ ఉన్న రోజే పో." దానికోసం ఉద్యోగమే మానేద్దామనుకున్నవాణ్ని. ఒక వారం సెలవు కూడా పెట్టనివ్వలేదు.

మధు అన్న